ఏడు సముద్రాల అవతల: ఒక జానపద పిన్‌బాల్ టేబుల్ ప్రాజెక్టు డైరీ

ఏం కడుతున్నాను

మాంత్రికుడి ప్రాణం చిలుకలో, ఆ చిలుక మర్రిచెట్టు తొర్రలో, ఆ చెట్టు ఏడు సముద్రాల అవతల. ఈ కథ ఏదో ఒక రూపంలో విననివాళ్ళు మనలో ఉండరు. దీన్ని కంప్యూటర్లో ఆడే పిన్‌బాల్ (వాలుబల్ల మీద బంతిని కింద పడనీయకుండా కొడుతూ ఆడే ఆట) టేబుల్‌గా చేస్తున్నాను, పేరు కూడా 'ఏడు సముద్రాల అవతల' అనే. అమ్మడానికి కాదు. పూర్తయ్యాక ఎవరైనా ఉచితంగా దించుకుని ఆడుకోవచ్చు, స్క్రిప్టు విప్పి చూసుకోవచ్చు, నచ్చిన ముక్క తీసుకుని తమ టేబుల్లో పెట్టుకోవచ్చు.

వాడుతున్నది విజువల్ పిన్‌బాల్ ఎక్స్, కంప్యూటర్లో పిన్‌బాల్ టేబుళ్ళు కట్టి ఆడుకునే ప్రోగ్రాం, అందరూ వీపీఎక్స్ అంటారు. రాండీ డేవిస్ 2000లో మొదటి విజువల్ పిన్‌బాల్ విడుదల చేశాడు, ఇప్పుడది ఓపెన్ సోర్స్, ఔత్సాహికులే కలిసి నడుపుతున్నారు. గోడలు, రబ్బర్లు, ర్యాంపులు, బంతిని ఎదురు తన్నే బంపర్లు ఎడిటర్లో గీస్తాం, ఏది తగిలితే ఏం జరగాలో వీబీస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తాం. బంతి ఎక్కడుందో ఎటు పోతోందో సెకనుకు 1000 సార్లు లెక్కగడుతుంది కాబట్టి ఫిజిక్స్ సరిగ్గా సర్దుకుంటే చేతికి నిజమైన టేబుల్‌కి చాలా దగ్గరగా అనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందే ఒకటి గట్టిగా అనుకున్నాను. బొమ్మలు పీకేసి వేరే బొమ్మలు అతికిస్తే వేరే టేబుల్ అయిపోయేదాన్ని నేను థీమ్ అనను. కథలో జరిగేది బంతికి జరగాలి. బంతి అడ్డుపడాలి, చిక్కుకోవాలి, విడుదల కావాలి, ఎగరాలి. 1997లో విలియమ్స్ నుంచి వచ్చిన మెడీవల్ మ్యాడ్నెస్‌ని (బ్రయాన్ ఎడ్డీ డిజైన్) ఇప్పటికీ అంత ఇష్టంగా ఆడేది అందుకే. నడిమధ్యలో కోట ఉంటుంది, బంతితో కొట్టి కొట్టి వంతెన దించాలి, గేటు పగలగొట్టాలి, అప్పుడు కోట కూలుతుంది. కోట బొమ్మ చూపించి పాయింట్లు ఇవ్వడం వేరు, ఇది వేరు.

రెండో నియమం: కంప్యూటర్లో ఉంది కదా అని బంతిని మాయం చేసి ఇంకోచోట ప్రత్యక్షం చేయను. చెక్క, ఇనుము, కాయిల్స్, మోటార్లతో ఎవరైనా కట్టగలిగేదే ఉంటుంది. ఈ నియమం వల్ల పని రెట్టింపవుతుంది, అది తెలిసే పెట్టుకున్నాను.

బూడిదరంగు టేబుల్

ఈ దశలో బొమ్మ లేదు, రంగు లేదు. బూడిదరంగు ప్లేఫీల్డ్ (బంతి దొర్లే పలక), తెల్ల గోడలు, బంతిని కొట్టే రెండు ఫ్లిప్పర్లు. వీపీఎక్స్‌లో కొత్త టేబుల్ తెరిస్తే వెడల్పు 952, పొడవు 2162 యూనిట్లు ఉంటుంది. బంతి వ్యాసం 50 యూనిట్లు, అసలు బంతి 1.0625 అంగుళాలు, అంటే 27 మిల్లీమీటర్లు. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే చాలు, ఏ అసలు యంత్రం కొలతనైనా యూనిట్లలోకి మార్చుకోవచ్చు. 952 అంటే 20.25 అంగుళాల వెడల్పు, మామూలు టేబుళ్ళకి ఉండేదే. ఫ్లిప్పర్ పొడవు 147 పెట్టాను, వాలు 6.5 డిగ్రీలు.

షాట్లు, అంటే గురిచూసి బంతిని పంపే దారులు, ఏడు. ఎడమ నుంచి కుడికి చెప్తాను. ఎడమ ఆర్బిట్ (టేబుల్ అంచు వెంట పైకి చుట్టే దారి), అందులో స్పిన్నర్ (బంతి తగిలితే గిరగిరా తిరిగే రేకు). ఎడమ ర్యాంప్, అది రెక్కల గుర్రం. ఆ పక్కన చెర, రాజకుమారి బందీగా ఉన్న చోటు. మధ్యలో కొంచెం కుడికి మర్రిచెట్టు, దాని తొర్ర, తొర్రకి అడ్డంగా, తగిలితే కిందకి దిగిపోయే మూడు డ్రాప్ టార్గెట్లు. తర్వాత బంపర్లలోకి వెళ్ళే సందు, అది భూతాల దారి. కుడి ర్యాంప్ నాగలోకం, మెలికలు తిరుగుతుంది. చివర కుడి ఆర్బిట్. ఏడు సముద్రాలకి ఏడు షాట్లు, ప్రతి షాట్ ఒక సముద్రం దాటిస్తుంది. ఇది ముందే అనుకున్నదే. ఆరు షాట్లతో లేఅవుట్ ఇంకా విశాలంగా వచ్చేది, ఏడోది పట్టించడానికి భూతాల సందును బాగా ఇరుకు చేయాల్సి వచ్చింది, అయినా ఏడు ఏడే.

బూడిదరంగులో ఎక్కువసేపు పనిచేసింది రెక్కల గుర్రం మీద. కుడి ఫ్లిప్పర్‌తో కొడితే బంతి ఎడమ ర్యాంప్ ఎక్కి, పైన వైర్ పట్టాల మీద టేబుల్‌కి అడ్డంగా దాటి, కుడి ఇన్‌లేన్‌లో (ఫ్లిప్పర్‌కి బంతిని తెచ్చే సందు) దిగి, మళ్ళీ అదే కుడి ఫ్లిప్పర్ దగ్గరికి రావాలి. చేయి కుదిరినవాడు వరసగా కొడుతూనే ఉండొచ్చు, పిన్‌బాల్‌లో అంతకంటే హాయైన సంగతి నాకు ఇంకోటి తెలియదు. ర్యాంప్ మూతి 110 యూనిట్లు, పైకి పోయేసరికి 70. మూతి ఇంకా వెడల్పు చేస్తే గుడ్డిగా కొట్టినా ఎక్కేస్తుంది, ఇరుకు చేస్తే అంచు తగిలి బంతి సరాసరి మధ్యలోకి వచ్చి డ్రెయిన్ అయిపోతుంది, అంటే ఫ్లిప్పర్లకి అందకుండా కింద పడిపోతుంది. వైర్ల మీద బంతి ఎంతసేపు ఉండాలన్నది కూడా చూసుకోవాలి. మరీ త్వరగా దిగితే ఎగిరినట్టు ఉండదు, ఆలస్యమైతే ఆడేవాడి ఊపు పోతుంది. పట్టాలను ఒకచోట కాస్త పైకి వంచి, అక్కడ బంతి నెమ్మదించి మళ్ళీ జారేటట్టు చేశాను, ఆ ఒక్క వంపుతో గుర్రం గుర్రంలా ఉంది.

నాగలోకం ర్యాంప్ త్వరగానే కుదిరింది. ఎక్కువ వాలు, కచ్చితంగా కొడితేనే ఎక్కుతుంది, ఎడమ ఇన్‌లేన్‌కి తెస్తుంది.

చెర

ఈ టేబుల్ మొత్తానికి ఆయువుపట్టు ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

క్యాప్టివ్ బాల్ అని పిన్‌బాల్‌లో పాత ఏర్పాటు ఒకటుంది. చిన్న సందులో ఒక బంతిని బంధించి పెడతారు, బయటికి రాలేదు. ఆడే బంతితో దాన్ని కొడితే ఆ దెబ్బకి లోపలి బంతి వెనక్కి పరిగెత్తి, చివర ఉన్న టార్గెట్‌ని తాకి, వాలు వల్ల మళ్ళీ ముందుకి జారి వచ్చి నిలబడుతుంది. చెరలో ఉన్న రాజకుమారికి ఇంతకన్నా సరిపోయేది ఏముంటుంది? ముందే ఉంది, కథ కోసం కనిపెట్టాల్సిన పనే లేదు.

అయితే మామూలు క్యాప్టివ్ బాల్ ఎప్పటికీ విడుదల కాదు. నాకు విడుదల కావాలి. సందు ముందు ఉన్న పోస్టును (చిన్న స్తంభాన్ని) కిందకి దిగేటట్టు చేశాను. రాజకుమారి బంతి వెనక టార్గెట్‌ని గట్టిగా తాకిన ప్రతిసారీ గొలుసులో ఒక లంకె తెగుతుంది. మూడు లంకెలు తెగితే పోస్టు ప్లేఫీల్డ్ కిందకి దిగిపోతుంది, అంతే, ఇంకేం చేయనక్కర్లేదు, టేబుల్ వాలుగానే ఉంది కాబట్టి బంతి తనంతట తానే దొర్లుకుంటూ బయటికి వచ్చి ఫ్లిప్పర్ల వైపు వస్తుంది. రెండు బంతుల మల్టీబాల్, అంటే రెండూ ఒకేసారి ఆటలో ఉండడం, మొదలు. యానిమేషన్ లేదు, మోటార్ లేదు, విడిపించింది వాలే.

తర్వాత ప్రశ్న, ఏ బంతి రాజకుమారిదో ఎలా తెలుస్తుంది? 1993లో వచ్చిన ఒక బాలీ యంత్రంలో పవర్‌బాల్ అని తెల్లటి సెరామిక్ బంతి ఉండేది. ఉక్కు బంతి కన్నా తేలిక, అందుకని వేగంగా పోతుంది, పైగా అయస్కాంతానికి అంటదు. అది గుర్తొచ్చాక ఇంక ఆలోచించలేదు. నా టేబుల్లో మాంత్రికుడి మాయ అంటే ప్లేఫీల్డ్ కింద ఉన్న అయస్కాంతమే. రాజకుమారి బంతి సెరామిక్ అయితే ఆ మాయ ఆమె మీద పనిచేయదు! ఇది ఏ తెరమీదా రాయక్కర్లేదు, ఉక్కు బంతిని మాంత్రికుడు పట్టేసుకుని గిలగిలలాడిస్తుంటే తెల్లబంతి ఆ పక్కనుంచే దర్జాగా దాటిపోతుంది, చూసినవాడికి అర్థమైపోతుంది.

స్క్రిప్టులో దీనికి పెద్ద పని లేదు. వీపీఎక్స్‌తో వచ్చే కోర్ స్క్రిప్టులో అయస్కాంతానికి క్లాస్ రెడీగా ఉంది, దాని పరిధిలోకి బంతి రాగానే ఆ బంతిని దానికి జతచేస్తాం. వచ్చింది తెల్లబంతి అయితే జతచేయకుండా వదిలేయడమే.

బరువు సంగతి ఇంకా బాగుంది. ఉక్కు బంతి సుమారు 80 గ్రాములు. స్క్రిప్టులో దాని ద్రవ్యరాశిని 1గా తీసుకుంటే తెల్లబంతికి 0.8 ఇచ్చాను. రెండూ ఒకే బరువైతే ఎదురెదురుగా తగిలినప్పుడు కొట్టిన బంతి ఆగిపోయి, దాని వేగమంతా రెండోదానికి వెళ్ళిపోతుంది. ఇక్కడ కొట్టినది బరువెక్కువ కాబట్టి పూర్తిగా ఆగదు. రాపిడి, సాగుడు పక్కనపెట్టి లెక్కేస్తే తెల్లబంతి కొట్టిన వేగానికి 10/9 రెట్ల వేగంతో, అంటే ఇంకొంచెం ఎక్కువ వేగంతోనే వెనక్కి దూసుకుపోతుంది. ఉక్కు బంతి మాత్రం 9వ వంతు వేగంతో ముందుకి నెమ్మదిగా జరుగుతుంది. తెరమీద చూస్తే కొట్టిన బంతి చెర గడప దగ్గరికి ఇంకో అడుగు వేసి, ఆగి, వెనక్కి జారినట్టు ఉంటుంది. నేను గీయని అభినయం అది. ఫిజిక్స్ ఇచ్చింది.

రెండే బంతులు

చెర నుంచి వచ్చిన బంతి డ్రెయిన్ అయ్యాక మళ్ళీ చెరకి ఎలా చేరాలి? కంప్యూటర్లో అయితే ఇక్కడ చెరిపి అక్కడ పుట్టించొచ్చు, కానీ రెండో నియమం ఉంది కదా. కింద పడిన బంతులన్నీ ట్రఫ్ అనే గాడిలో వరసగా నిలబడతాయి, ముందున్నదే ముందు బయటికి వస్తుంది. నాలుగైదు బంతులు ఉంటే తెల్లది ఎక్కడో మధ్యలో ఇరుక్కుంటుంది, దాన్ని బయటికి తీయడానికి మిగతావాటిని ఊరికే తిప్పాలి.

అందుకని మొత్తం టేబుల్‌కి రెండే బంతులు పెట్టాను, ఒక ఉక్కుది, ఒక తెల్లది. మల్టీబాల్‌లో తెల్లది ముందు పడిపోతే ట్రఫ్‌లో అదొక్కటే ఉంటుంది. ఆటో ప్లంజర్ (బంతిని తన్నే కడ్డీ) దాన్ని షూటర్ లేన్ (బంతి ఆటలోకి వెళ్ళే దారి) నుంచి పైకి కొడుతుంది, పైన దారి మళ్ళించే చిన్న గేటు తెరుచుకుంటుంది, బంతి వెనకవైపు నుంచి చెరలోకి దిగుతుంది. మాంత్రికుడు మళ్ళీ ఎత్తుకుపోయాడన్నమాట. ఉక్కుది ముందు పడితే ఆట ఆగదు, తెల్లబంతితోనే సాగుతుంది, అదీ పడ్డాకే ఆ బాల్, అంటే ఆ వంతు, అయిపోయినట్టు. అప్పుడు ట్రఫ్‌లో ముందు ఉక్కు, వెనక తెల్ల, ఆడేవాడు ఉక్కుది ప్లంజ్ చేయగానే వెనకాలే తెల్లది చెరకి వెళ్తుంది. ఏ దారిన పోయినా లెక్క కుదురుతోంది.

మల్టీబాల్ అంటే ఆరు బంతులైనా ఉండాలనేవాళ్ళు ఉంటారు. ఈ కథలో వెయ్యిమంది సైన్యం లేదు, ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరినీ పడిపోకుండా కాపాడుకోవడంలోనే టెన్షన్ అంతా ఉంది.

ఫ్లిప్పర్లు

షాట్లు ఎంత బాగున్నా ఫ్లిప్పర్ చేతికి సరిగ్గా రాకపోతే అన్నీ దండగే. అసలు ఫ్లిప్పర్‌లో కాయిల్‌కి రెండు బలాలుంటాయి, పైకి లేపడానికి పెద్ద బలం, లేచాక పట్టి ఉంచడానికి చిన్న బలం, లేపడం పూర్తయిన చోట ఒక స్విచ్ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తుంది. వీపీఎక్స్‌లో దీనికి ఎండ్ ఆఫ్ స్ట్రోక్ టార్క్ అని సెట్టింగ్ ఉంది. ఇది మరీ ఎక్కువ పెడితే ఎత్తి ఉంచిన ఫ్లిప్పర్ గోడలా బిగుసుకుపోతుంది, వేగంగా వచ్చిన బంతి తగిలినా చలించదు, ఎగిరి అవతల పడుతుంది. తగ్గిస్తే ఆ దెబ్బకి ఫ్లిప్పర్ కాస్త వెనక్కి తగ్గి బంతిని ఒడిసిపడుతుంది. ఇలా వచ్చే బంతిని ఫ్లిప్పర్‌తో ఆపేయడాన్ని లైవ్ క్యాచ్ అంటారు, అది వచ్చినవాళ్ళు మొదట చూసేది ఇదే.

ఇంకోటి, ఫ్లిప్పర్ మీద బంతి ఎక్కడుందన్నదాన్ని బట్టి అది వెళ్ళే కోణం మారుతుంది, చివర్లో ఉన్నప్పుడు కొడితే ఒకలా, మొదట్లో కొడితే ఒకలా. వీపీఎక్స్ తనంతట తాను ఇచ్చే కోణాలు అసలు యంత్రంతో పూర్తిగా కలవవు. ఆ తేడాను సవరించే స్క్రిప్టులు అనుభవజ్ఞులు రాసిపెట్టారు, బంతి స్థానం చూసి వదిలే వేగాన్నీ దిశనూ కొద్దిగా దిద్దుతాయి. నేను అవే వాడుతున్నాను. రబ్బర్లకీ అంతే, గట్టిగా తగిలిన బంతి ఎంత గట్టిగా తగిలితే అంత ఎగరకూడదు, వేగం పెరిగేకొద్దీ రబ్బరు దెబ్బని ఎక్కువ మింగేయాలి.

తెల్లబంతికి విడిగా ఏ సవరణా పెట్టలేదు. తేలికగా ఉంటుంది, చేతికి కొత్తగా ఉంటుంది, ఒక్కోసారి ర్యాంప్ దాటి ఎగిరేంత వేగం తెచ్చుకుంటుంది. ఆడి చూసిన స్నేహితుడు, "ఈ తెల్లబంతి ఏంట్రా, అసలు మాట వినట్లేదు" అన్నాడు. విననక్కర్లేదు, చెర నుంచి అప్పుడే బయటపడింది.

ఏడు ఇన్సర్టులు

సముద్రాలకి పేర్లు పెట్టాలి. పురాణాల లెక్కలో ఏడూ ఉన్నాయి: లవణ, ఇక్షు, సురా, సర్పి, దధి, క్షీర, జల. ఉప్పు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళు. ఏడు షాట్ల ముందు ఏడు ఇన్సర్టులు, అంటే ప్లేఫీల్డ్‌లో పొదిగిన రంగు ప్లాస్టిక్ దీపాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఉప్పుకి ముదురు నీలం, చెరకుకి ఆకుపచ్చ, సురకి ఎరుపు కలిసిన నారింజ, నెయ్యికి పసుపు, మంచినీళ్ళకి లేత నీలం. ఇంతవరకూ సులువు.

పెరుగు, పాలు రెండూ తెలుపే. ఆడేటప్పుడు కంటి చివర్లో కనిపించే దీపాన్ని బట్టే చేయి కదులుతుంది, ఏ తెలుపు ఏదో ఆలోచించే టైమ్ ఉండదు. పాల సముద్రానికి కిందనుంచి గీతలు గీతలుగా వెలుగు వచ్చే పారదర్శకమైన ఇన్సర్ట్ తీసుకుని కొంచెం నీలం కలిపాను, పెరుగుకి వెలుగు చెదిరిపోయే మసక ప్లాస్టిక్ తీసుకుని కొంచెం గోధుమ వన్నె ఇచ్చాను. వెలిగినప్పుడు ఒకటి మెరుస్తుంది, ఇంకోటి నిండుగా నిలబడుతుంది. పైగా రెండిటినీ దూరంగా పెట్టాను, పెరుగు ఎడమ ర్యాంప్ దగ్గర, పాలు కుడి ఆర్బిట్ దగ్గర. వరస తప్పిందని పండితులెవరైనా అంటే అననివ్వండి, ఇక్కడ కన్ను ముఖ్యం.

ఏడూ ఏ వరసలోనైనా దాటొచ్చు. దాటాక మర్రిచెట్టు మేలుకుంటుంది. తొర్రకి అడ్డంగా ఉన్న మూడు డ్రాప్ టార్గెట్లు ఊడల ఆకారంలో ఉన్నాయి, మామూలప్పుడు కొడితే పడిపోయి దారి ఇస్తాయి, కాసేపటికి మళ్ళీ మొలుస్తాయి. చిలుక ఘట్టంలో మాత్రం ఒక్క ఊడ పడగానే మిగతా రెండిటికి గడువు మొదలవుతుంది, ఆ లోపల పడగొట్టి తొర్రలో వేయాలి. ఉక్కు బంతితో వేస్తే చిలుక దొరుకుతుంది. తెల్లబంతితో వేస్తే దానికి రెట్టింపు. కథలో ఎప్పుడూ రాకుమారుడే వెళ్తాడు. ఇక్కడ రాజకుమారి తానే వెళ్ళి చిలుకను పట్టుకోవచ్చు, ఆ దారి తెరిచి ఉంచాను.

మాయ

అయస్కాంతం తొర్ర ముందు, ప్లేఫీల్డ్ కింద. ఊడలు నిలబడి ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తుంది. బంతిని లాగి కాసేపు పట్టుకుని వదిలేస్తుంది, ఎటు పోతుందో చెప్పలేం. 1980లో వచ్చిన బ్లాక్ నైట్‌లో స్టీవ్ రిచీ పెట్టిన మాగ్నా-సేవ్‌లో అయస్కాంతం ఆడేవాడి చేతిలో ఉండేది, బటన్ నొక్కితే ఔట్‌లేన్‌లోకి (పక్కనుంచి బంతి పడిపోయే సందు) పోబోతున్న బంతిని ఆపేది. నాది దానికి తిరగేసినట్టు, శత్రువు చేతిలో ఉంది. అలాంటప్పుడు న్యాయం చూసుకోవాలి. లాగే ముందు ఆ చుట్టూ ఊదారంగు దీపం వెలుగుతుంది, పట్టుకునేది సెకను కంటే కాస్త ఎక్కువ, వదిలాక బంతి నేరుగా ఫ్లిప్పర్ల మధ్య సందులోకి పోతే కొన్ని క్షణాల పాటు బాల్ సేవ్ (పడిన బంతిని తిరిగి ఇవ్వడం) ఉంటుంది. భయపెట్టాలి, దోచుకోకూడదు.

తెరమీద తెలుగు

దీని గురించి ఎవరూ రాసినట్టు కనిపించలేదు, కాబట్టి వివరంగా. పిన్‌బాల్‌లో స్కోరు చూపే డాట్ మ్యాట్రిక్స్ తెర మామూలుగా 128 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు. ఇంగ్లీషు పెద్దక్షరాలకి అది సరిపోతుంది, రెండు మూడు వరసలు కూడా పడతాయి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు. 'మర్రి తొర్ర' అని రాసి చూడండి, ర మీద గుడి, కింద ర వత్తు, 32 చుక్కల్లో ఒక్క వరస రాస్తేనే నిండిపోతుంది, 'క్ష్మి' లాంటిది వస్తే ఒత్తులు కలిసిపోయి ముద్దయిపోతాయి.

ఈ చుక్కల తెరకి నేను వాడుతున్న ప్రోగ్రాం ఫ్లెక్స్‌డీఎండీ. అది బిట్‌మ్యాప్ ఫాంట్లతో పనిచేస్తుంది, ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ, వాటిని పక్కపక్కన పేర్చుతుంది. ఇంగ్లీషుకి అంతే చాలు. తెలుగులో హల్లు, పొల్లు, హల్లు కలిసి ఒక ఆకారం అవ్వాలి, ఆ కలపడం దానికి రాదు, 'వరస' వస్తుంది కానీ 'సముద్రం' రాదు, 'ద్ర' విడిపోయి పొల్లుతో సహా కనిపిస్తుంది. దానికి నా దారి ఇది: మాటలన్నీ బొమ్మలు, అంకెలు మాత్రమే ఫాంట్. టేబుల్లో వచ్చే ప్రతి మాటనీ చుక్క చుక్కగా గీసి చిన్న బొమ్మగా దాచాను, స్క్రిప్టు ఆ బొమ్మని చూపించి పక్కన స్కోరు అంకెలు పేరుస్తుంది. తెర పరిమాణం కూడా 256 బై 64 తీసుకున్నాను, ఒత్తులకి ఊపిరాడుతుంది. మామూలు ఫాంటును చిన్నది చేస్తే గీతలు అరిగిపోతాయి, అందుకే చేత్తోనే గీయాలి, ముఖ్యంగా 'ఘ', 'ఝ', 'మ', 'య' లాంటివి. 'మ'కీ 'వు'కీ తేడా చిన్న పరిమాణంలో రెండు మూడు చుక్కలే, ఆ చుక్కలు ఎక్కడ పెట్టాలో పట్టుకున్నాక మిగతావి వాటంతట అవే కుదిరాయి. గీసిన అక్షరాలన్నీ విడిగా కూడా పెడతాను, ఇంకెవరైనా తెలుగు టేబుల్ చేస్తే పనికొస్తాయి.

ఆడేవాడు బంతి ఆడుతున్నప్పుడు తెర చూడడు, అందుకే మాటలు పొట్టిగా. 'లంకె తెగింది'. 'పాల సముద్రం'. 'చిలుక!'. అంతే.

గొంతులు

పిన్‌బాల్‌లో మొదట మాట్లాడిన యంత్రం 1979 నాటి గోర్గార్, ఏడే మాటలు దానికి. ఆ ఏడింటితోనే ఆడేవాళ్ళని పట్టేసింది. నా మాంత్రికుడికి కూడా ఎక్కువ మాటలు ఇవ్వడం లేదు. ప్రతి చిన్న టార్గెట్‌కీ ఒకడు అరుస్తుంటే కాసేపటికి చెవి మూసుకుంటుంది. అయస్కాంతం లాగినప్పుడు ఒక నవ్వు, తెల్లబంతి మాయని దాటినప్పుడు ఆ నవ్వు మధ్యలో తెగిపోవడం, పోస్టు దిగినప్పుడు రాజకుమారి గొంతు, "ద్వారం తెరుచుకుంది, పద!" ఇలా కొన్నే. గ్రాంథికంగా పలికే జానపద ఫక్కీ మాంత్రికుడికి మాత్రమే, మిగతావాళ్ళు మామూలుగా మాట్లాడతారు. ఏ సినిమా గొంతునీ, ఏ నటుడి పోలికనీ వాడటం లేదు.

బంతి దొర్లే చప్పుడు, వైర్ల మీద గరగర, రబ్బరు తగిలిన ధ్వని వేరే పొరలు. సెరామిక్ బంతి చప్పుడు ఉక్కుదానికన్నా పొడిగా, పలచగా ఉండాలి. దాని నమూనాలు ఇంకా పూర్తికాలేదు.

ఆడించి చూశాక

కొంతమంది చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని చూశాను. రెక్కల గుర్రం అందరికీ వెంటనే తెలిసింది. చెర దగ్గర మాత్రం చాలామంది ఒకసారి కొట్టి వదిలేసి తొర్రకేసి పోయారు, గొలుసు లంకె తెగిన సంగతి వాళ్ళ కంటపడలేదు. ఇప్పుడు లంకె తెగినప్పుడు చెర మీది దీపాల్లో ఒకటి శాశ్వతంగా ఆరిపోతుంది, ఇంకెన్ని మిగిలాయో దూరం నుంచే తెలుస్తుంది, మూడోది మిగిలినప్పుడు గుండె కొట్టుకున్నట్టు మినుకుతుంది. ఆ మార్పు తర్వాత చెర వదిలి ఎవరూ పోవడం లేదు.

ఎడమ ఆర్బిట్ స్పిన్నర్‌కి పాయింట్లు తగ్గించాను. అదొక్కటే కొట్టుకుంటూ కూర్చుంటే సముద్రాలు దాటినవాడి కన్నా ఎక్కువ స్కోరు వచ్చేసేది. ఇప్పుడు స్పిన్నర్ విలువ దాటిన సముద్రాలను బట్టి పెరుగుతుంది.

ఇక ముందు

లేఅవుట్ ఇక కదపను. ఎందుకంటే తర్వాతి పని బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాంలో లైట్‌మ్యాపింగ్, ప్రతి దీపం వెలుగు టేబుల్ మీద ఎక్కడెక్కడ పడుతుందో విడివిడిగా రెండర్ చేసి వీపీఎక్స్‌లోకి తెచ్చుకోవాలి. ఆటలో దీపం వెలిగినప్పుడు ఆ పొర కలుస్తుంది, ఆరినప్పుడు పోతుంది. ఫలితం అద్భుతంగా ఉంటుంది, కానీ ఒక గోడ పది యూనిట్లు జరిపినా రెండర్లన్నీ మళ్ళీ చేయాలి. మర్రిచెట్టు మోడల్‌కి ఊడలు తగ్గిస్తున్నాను, వెనక ఉన్న తొర్ర కనబడాలి, పాత కంప్యూటర్లలోనూ సాఫీగా నడవాలి.

వీబీస్క్రిప్ట్‌ని విండోస్ నుంచి దశలవారీగా తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. విండోస్ అక్కర్లేని వీపీఎక్స్ స్టాండ్‌అలోన్ రూపంలో వైన్ (విండోస్ ప్రోగ్రాములను వేరే సిస్టమ్‌లలో నడిపేది) నుంచి తీసుకున్న వీబీస్క్రిప్ట్ ఇంజన్ వాడుతున్నారు, లినక్స్, మ్యాక్‌లో కూడా టేబుళ్ళు నడుస్తాయి. నా స్క్రిప్టుని రెండిటిలోనూ పరీక్షించుకుంటూ పోతున్నాను. చెర, ట్రఫ్, గేటు లెక్క రెండుచోట్లా నడుస్తోంది, తెర బొమ్మలు స్టాండ్‌అలోన్‌లో ఇంకా చూడాలి. బ్యాక్‌గ్లాస్ (టేబుల్ వెనక నిలువుగా ఉండే బొమ్మల పలక) స్కెచ్ దశలో ఉంది, చిలుకని అందులో ఎక్కడా చూపించకూడదని నిర్ణయించాను. తర్వాతి ఎంట్రీలో మర్రిచెట్టు మొదటి రెండర్లూ, సెరామిక్ చప్పుళ్ళూ పెడతాను.